దిబ్బ మీది ఇలకోళ్లు

మా అక్కను పులికాట్ సరస్సు నడుమ ఒక దిబ్బ మీద బడి నడిపే ఆయనకు ఇచ్చి చేసినప్పుడు, నెల్లూరులో మా చర్చికి వచ్చేవాళ్లంతా నాన్నను తప్పుపట్టారు. నాన్న మిషన్ ఆస్పత్రిలో కంపౌండరు. ఆయనకు బావ నెమ్మదితనం నచ్చింది. అక్క కూడా కాదనలేదు. యాభైల చివరి మాట ఇది. తడలో రైలు దిగి, సరస్సు ఒడ్డుదాకా నడిచి పడవెక్కితే, గాలి కలిసొచ్చిన రోజు మధ్యాహ్నానికి దిబ్బ చేరేవాళ్లం. గాలి ఎదురైతే పొద్దుగూకేది. దిబ్బ మీద కొన్ని తాటిచెట్లు, చేపలు పట్టుకునేవాళ్ల గుడిసెలు, మిట్ట మీద మట్టిగోడల బడి ఉండేవి. ఆదివారం ఆ బడే చర్చి. తూర్పున నీళ్లకు అవతల శ్రీహరికోట సరుగుడు తోపులు నల్లటి గీతలా కనిపించేవి. వాటి వెనక సముద్రం.

నేను అప్పటికి డిగ్రీ పూర్తిచేసి నెల్లూరులోనే ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. సెలవులకు అక్క దగ్గరికి పోయేదాన్ని. ఒక వేసవిలో తిరిగొస్తూ, కాలేజీ పిల్లలకు కోసి చూపించడానికి పనికొస్తాయని, ఒడ్డున ఎండిన నాచు కిందనుంచి ఒక సీసాడు ఇలకోళ్లను పట్టుకొచ్చాను. సాయంత్రమైతే చెవులు గింగుర్లెత్తేలా కూసే చిన్న గోధుమరంగు పురుగులు, కీచురాళ్లంటారే, అవి. మా డిపార్ట్‌మెంటు పెద్ద, కృష్ణా జిల్లా మనిషి, ఒకదాన్ని బల్ల మీద పెట్టి సూదితో పై రెక్క ఎత్తి చూశారు. రెండోదాన్ని చూశారు. మూడోదాన్ని కూడా చూసి తలెత్తారు.

"ఇవి ఎక్కడివమ్మా?"

చెప్పాను. ఆయన లేచి వెళ్లి కాలేజీ గడ్డిలోంచి అదే జాతి ఇలకోడిని ఒకదాన్ని తెచ్చి పక్కన పెట్టారు. దాని పై రెక్కల కింద మరో జత పొడుగాటి రెక్కలు మడతపెట్టి ఉన్నాయి. వాటి కొసలు తోకలా బయటికి వచ్చాయి. ఎగరడానికి పనికొచ్చేవి అవే. దిబ్బ నుంచి తెచ్చినవాటికి ఆ చోట గోటిముక్కంత తెల్లటి పొర తప్ప ఏమీ లేదు.

"దిబ్బ మీద ఒకటి ఎగిరిందనుకో. ఎక్కడ దిగుతుంది?" అని అడిగారు.

"నీళ్లలో సార్."

"దాని కడుపులో గుడ్లు కూడా నీళ్లలోకే. ఎగరలేనిది అక్కడే ఉండి పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలూ తల్లి లాగానే ఉంటాయి. ఎన్నో తరాలు ఇట్లా జల్లెడ పడితే చివరికి ఏవి మిగులుతాయి?"

"మరి కాలేజీ గడ్డిలోవి?"

"ఇక్కడ ఏం నిలకడగా ఉంటుంది? గడ్డి ఎండుతుంది, కోస్తారు, కాలుస్తారు, దున్నుతారు. ఇంకో చోటికి పోలేనిది చస్తుంది. అంతే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. అవి ఆలోచించి ఉండిపోయాయని, ఆలోచించి వెళ్లాయని ఎక్కడా రాయకు."

అలా నాకు పరిశోధనకు పని దొరికింది. సీసాల్లో తడి ఇసుక పోసి, తవుడు, దోసకాయ ముక్కలు వేసి రెండు రకాలనూ పెంచాను. పొడుగు రెక్కలవాటి పిల్లల్లో ఎక్కువ వాటికి పొడుగు రెక్కలే వచ్చాయి. దిబ్బవాటి పిల్లలకు ఎంత తిండి పెట్టినా ఎగిరే రెక్కలు రాలేదు. ఇంకొకటి కూడా తేలింది. రెక్కల్లేని ఆడది ముందుగా గుడ్లు పెడుతుంది, ఎక్కువ పెడుతుంది. రెక్కలున్నదాని ఛాతీ కోస్తే గులాబీరంగు కండ ఒత్తుగా ఉండేది. ఆ కండ పెంచుకోవడానికే దాని తిండి చాలావరకు ఖర్చవుతుంది, గుడ్లకు మిగిలేది తక్కువ. ఎగరగలగడం ఊరికే రాదని నాకు అప్పుడు తెలిసింది.

నా పనిని బావ తన పనిలా చూసుకునేవాడు. బడి వదిలాక పంచె ఎగగట్టి నాతోపాటు నాచు కట్టలు ఎత్తి పట్టుకునేవాడు. సంగతంతా విని ఒకరోజు పెద్దగా నవ్వాడు.

"అంటే మా వూరి ఇలకోళ్లకు గూడా ట్రాన్స్‌ఫర్ అంటే ఇష్టం లేదన్నమాట!"

అక్క నవ్వలేదు. అప్పటికి బావకు రెండుసార్లు వేరే చోటికి పిలుపు వచ్చింది. రెండోసారి పిలిచింది బుచ్చిరెడ్డిపాలెం బడికి. అక్కడ ఇటుకల కట్టడం, పక్కనే డాక్టరు, నెల్లూరికి బస్సు. బావ రెండుసార్లూ వద్దన్నాడు. ఆసారి నేను వెళ్లినప్పుడు అక్క నన్ను వెనక తడిక పక్కకు పిలిచింది.

"నువ్వన్నా చెప్పు మే ఆయనకు. నేను చెప్తే నవ్వి వూరుకుంటాడు."

అన్నం తినేటప్పుడు చెప్పాను. బావ కంచంలోనే చూస్తూ విన్నాడు.

"నేను పోతే ఈడికి ఎవరొస్తారు? నాకు ముందు వచ్చినోళ్లు ఒక్క వానాకాలం గూడా ఉండలా. ఇప్పుడిప్పుడే పిల్లకాయలు తమ పేర్లు తాము రాసుకుంటుండారు."

"మన పిల్లకి జొరమొస్తే?" అంది అక్క.

"పడవుండాది గదా."

"గాలి లేకపోతే?"

బావ కంచం పక్కకు జరిపాడు. కూతురిని ఒళ్లోకి లాక్కొని, "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. ఆ పిల్లకు అప్పుడు నాలుగేళ్లు. తండ్రి ఎక్కడుంటే అక్కడే ఉండేది. బడిలో ఆయన కుర్చీ కాళ్ల దగ్గర కూర్చొని పలక మీద సున్నాలు చుట్టేది.

మరుసటి ఏడు అక్కకు మళ్లీ నెలలు నిండాయి. పురిటికి నెల్లూరు తీసుకురావడానికి నేనే వెళ్లాను. పిల్లను కూడా తీసుకుపోదామనే అక్క అనుకుంది, బట్టలు కూడా మూట కట్టింది. పడవ దగ్గర ఆ పిల్ల తండ్రి మెడ పట్టుకొని వదల్లేదు. క్రిస్మసుకు బడి పిల్లలు పాడే పాట తనకు కూడా నేర్పుతున్నారని, తాను రానని ఒకటే ఏడుపు.

"ఉండనీలే. పండగ కాంగానే ఇద్దరం వస్తాం. నువ్వా చంటిబిడ్డతో దీన్నెట్టా చూసుకుంటావు?" అన్నాడు బావ.

అక్క ఒక్క క్షణం నిలబడి ఆలోచించి, మూట విప్పి పిల్ల గౌన్లు ఆయన చేతికిచ్చింది. పడవ కదిలాక బావ పిల్లను భుజం మీద ఎక్కించుకొని నీళ్లలో మోకాళ్లదాకా మా వెంట వచ్చాడు.

నెల్లూరులో మగబిడ్డ పుట్టాడు. అక్క ఇంకా మంచం మీద ఉండగానే తుఫాను వచ్చింది. మా ఇంటి పెంకులు లేచిపోయాయి. మిషన్ కాంపౌండులో పెద్ద చెట్లు వేళ్లతో సహా పడ్డాయి, పెన్న పొంగింది. గాలి ఆగాక అక్క మొదట అడిగింది, "ఆ పక్క ఎట్టుండాదో?" అని. మేం ఏం చెప్పగలం? దక్షిణాన రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. తంతి లేదు. తడ వైపు నుంచి మనిషి రాలేదు. కొన్నాళ్లకు నాన్న, నేను ఒక బియ్యం లారీలో కొంతదూరం, కాలినడకన కొంతదూరం పోయి తడ చేరాం.

సరస్సు ఒడ్డుకు చేరకముందే వాసన వచ్చింది. పడవలు పొలాల్లో బోర్లా పడి ఉన్నాయి. గొడ్ల కళేబరాలు కంపచెట్లకు చిక్కుకొని ఉబ్బిపోయాయి. బతికినవాళ్లను ఒక సత్రంలో ఉంచారు. అక్కడ దిబ్బ మనిషి ఒకామె కనిపించింది. అక్కకు రోజూ చేపలిచ్చే ఆమె. నన్ను చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నీళ్లు పైనుంచి రాలేదయ్యా. తూర్పునుంచి వచ్చినాయి, గోడ మాదిరి" అంది. "సారు అందరినీ మిట్ట మీద బడికి రమ్మన్నాడు. ముసలోళ్లు, పిల్లకాయలు అంతా ఆడికే పోయినారు. మా ఆయన నన్ను తాటిచెట్టు ఎక్కించినాడు. బడిగోడ విరిగిన చప్పుడు పైనుంచి విన్నా."

"మా మనవరాలు?" అన్నాడు నాన్న.

"సారు వీపుకు కట్టుకోనుండాడు, వాళ్లమ్మ చీరతో. నీళ్లలో ఒక చెట్టు పట్టుకోవడం చూసినా. మళ్లీ చూస్తే లేరయ్యా."

బావను మేం పడమటి ఒడ్డున, బురదలో పడి ఉన్న సరుగుడు మానుల మధ్య కనుక్కున్నాం. చీరను బట్టి గుర్తుపట్టాం. అది ఆయన నడుముకు రెండు చుట్లు చుట్టి, ముందు ముడి వేసి ఉంది. ముడి అలాగే ఉంది. పిల్ల లేదు. చుట్టుపక్కల వెతికాం, మర్నాడు కూడా వెతికాం. నెల్లూరుదాకా తీసుకుపోయే స్థితి కాదు కనుక ఆయనను అక్కడే ఇసుకలో పూడ్చాం. నాన్న ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. తర్వాతి వాక్యం ఆయన నోటికి రాలేదు. నాకూ రాలేదు.

ఇంటికి చేరేసరికి అక్క బిడ్డను ఒళ్లో వేసుకొని గుమ్మంలో కూర్చొని ఉంది. నాన్న కాళ్లకు ఎండిన బురదను చూసింది. మా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని వీధిలోకి చూసింది.

"పిల్ల?" అంది.

నాన్న తల అడ్డంగా ఊపాడు. ఆయన ముఖం చూశాక ఇక బావ సంగతి అక్క అడగలేదు. బిడ్డను నాకిచ్చి లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వారంలోనే ఆమెకు పాలు ఎండిపోయాయి. అమ్మ ఆవుపాలలో నీళ్లు కలిపి బిడ్డకు దూదితో పిండి పట్టింది. చాలా రోజుల తర్వాత, నేను తలకు నూనె పెడుతుంటే అక్క అడిగింది.

"చీర ముడి వూడిపోయిందా?"

"లేదక్కా."

"అయితే గట్టిగానే కట్టినాడు" అంది. ఆ మాట ఇంకెప్పుడూ మా మధ్య రాలేదు.

కాలేజీకి తిరిగి వెళ్లేసరికి నా సీసాలు బూజుపట్టి ఉన్నాయి. వాటిని కడగడానికి కూడా మనసు రాలేదు. కొన్ని నెలలకు మా డిపార్ట్‌మెంటు పెద్ద మాస్టారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. కళ్లజోడు తీసి తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు.

"అమ్మా, అడగకూడని సమయంలో అడుగుతున్నానని తెలుసు. ఆ దిబ్బ ఇప్పుడు ఖాళీ. మొదట ఏవి వస్తాయో, ఆ తర్వాత ఏమవుతుందో చూడాలంటే ఇప్పుడే చూడాలి. కాదంటే ఈ మాట మళ్లీ ఎత్తను."

నేను లేచి బయటికి వచ్చేశాను. మా బావ పోయిన చోటు ఆయనకు ఖాళీ సీసాలా కనిపించిందని ఒళ్లు మండింది. ఇంట్లో చెబితే నాన్నకు నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. వంటింట్లోంచి అక్క బిడ్డను ఎత్తుకొని వచ్చింది.

"పో మే. నేను గూడా వస్తా" అంది.

"నువ్వెందుకు?" అన్నాడు నాన్న.

"చూడాల నేను. మీరంతా చూసినారు, నేను చూడలేదు."

వేసవిలో పోయాం. బిడ్డను అమ్మ దగ్గర వదిలాం. దిబ్బ మాకు తెలిసిన దిబ్బలా లేదు. మిట్ట సగానికి కరిగిపోయింది. తాటిచెట్లు మూడో నాలుగో నిలబడి ఉన్నాయి. బడి ఉన్నచోట గట్టి నేల మాత్రం ఇసుక కింద మిగిలింది. అక్క దాని మీద కూర్చొని చేత్తో ఇసుక పక్కకు తోయడం మొదలుపెట్టింది. నేను ఒడ్డెంబడి నాచు కట్టలు ఎత్తుకుంటూ పోయాను. పీతలు పరుగెత్తాయి. ఇలకోడి ఒక్కటీ లేదు. పొద్దు వాలింది. ఎన్ని ఏళ్లుగానో ఆ వేళకు మోగిపోయే చోట గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్క కూడా తల ఎత్తి విన్నది.

"యేందే ఇట్టా వుండాది, చెవుడు వచ్చినట్టు" అంది.

ఇలకోళ్లు కూడా పోయాయని చెప్పాను. ఎగరలేనివి కనుక ఒక్కటీ మిగల్లేదని చెప్పాను. ఆమె చేతులకు అంటిన ఇసుక దులుపుకుంది. తిరిగి పడవలో వస్తూ, "ఇప్పుడు పిల్ల దొరికినా గుర్తుపట్టను గదా మే" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. పడవవాడు అటు తిరిగి కూర్చున్నాడు.

ఆ ఏటి వానల తర్వాత ఒంటరిగా పోయాను. దిబ్బ మీద మళ్లీ నాలుగైదు గుడిసెలు వేశారు. తడకు దక్షిణంగా ఉన్న పల్లెల నుంచి వచ్చిన కొత్తవాళ్లు వేసుకున్నారు. వాళ్ల తెలుగులో అరవం కలిసి ఉండేది. పాతవాళ్లలో చేపలిచ్చే ఆమె, ఆమె భర్త మాత్రమే తిరిగొచ్చారు. ఎందుకొచ్చావని అడిగితే, "ఇంక యాడికి పోతామమ్మా? వేరే ఒడ్డున ఎవరు నిలబడనిస్తారు?" అంది. ఆమె గుడిసె ముందు లాంతరు వెలిగించగానే దాని గాజుకు ఏదో టప్పున తగిలింది. ఇలకోడి. ఇంకొకటి వచ్చింది. రెక్కలు పొడుగ్గా, కొసలు తోకలా బయటికి ఉన్నాయి. పడమటి గట్టు నుంచి అంత నీటిని దాటి వచ్చాయి. అన్నీ పొడుగు రెక్కలవే. సరస్సులో పడిపోయినవి ఎన్నో నాకు తెలిసే దారి లేదు.

పొద్దున నాచు కింద చూస్తే కొన్నిటికి రెక్కల చోట చిరిగిన మొదళ్లు మాత్రమే ఉన్నాయి. పక్షులు పీకాయేమో అనుకున్నాను. సీసాలో పెట్టిన ఒక ఆడది నా కళ్లముందే వెనక కాళ్లతో తన రెక్కలను తోసి తోసి ఊడగొట్టుకుంది. కోసి చూస్తే గులాబీ కండ కరిగిపోయి ఉంది, కడుపు నిండా గుడ్లు. వచ్చాక ఇక తిరిగిపోయే ఉద్దేశం లేనట్టు. ఉద్దేశం అని రాయకూడదని మాస్టారు చెప్పిందే. అయినా ఆ రోజు నాకు వేరే మాట తోచలేదు.

తర్వాత ఏటేటా వెళ్లాను. మూడో ఏడో, నాలుగో ఏడో గుర్తులేదు, ఒక నాచు కట్ట కింద రెక్కల్లేని ఇలకోడి దొరికింది. మాస్టారు దాన్ని చాలాసేపు చూశారు. ఎగిరొచ్చిన తల్లిదండ్రుల్లోనే ఆ లక్షణం దాగి ఉంటుందని, వాటి పిల్లల్లో అక్కడక్కడా బయటపడుతుందని చెప్పారు. రెక్కలున్న పిల్లల్లో కొన్ని ఎగిరి నీళ్లలో పడిపోతాయి. లేనివి ఉండిపోయి ముందుగా, ఎక్కువగా గుడ్లు పెడతాయి. అరవైలు ముగిసేసరికి దిబ్బ మీద సగందాకా రెక్కల్లేనివే అయ్యాయి. నేను చూడాలని వెళ్లింది చూశాను. డాక్టరేటు వచ్చింది. ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. నాన్న నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు.

అక్క అప్పటికి నెల్లూరులో ఆడపిల్లల హాస్టలులో వార్డెనుగా చేరింది. నేను డాక్టరేటు సంగతి చెప్పడానికి పోయినప్పుడు హాస్టలు వంటకు బియ్యం ఏరుతోంది. ఇంతకీ ఏం తేలిందని అడిగింది. ఇన్నేళ్లలో మొదటిసారి అడగడం. చెప్పాను. వింటూ చేట ఆపింది.

"ఎగరలేనివే గదా అప్పుడు అన్నీ చచ్చినాయి. మళ్లీ అవే ఎందుకు పెరగతాయి?"

"అల వచ్చేది ఎప్పుడో ఒకసారి అక్కా. మిగతా కాలమంతా ఎగిరినవే చస్తాయి. మామూలు రోజుల్లో ఉండిపోవడమే మంచిది."

"మళ్లీ అల వస్తే?"

"అవీ పోతాయి."

"వాటికి తెలీదా?"

"తెలీదు."

"మనకి తెలుసు గదా" అంది. బావను అన్నదో, తనను అన్నదో, పిల్లను పడవ దగ్గర వదిలి వచ్చిన ఆ క్షణాన్ని అన్నదో నేను అడగలేదు. రాళ్లు ఏరడం మళ్లీ మొదలుపెట్టింది.

కొడుకును ఆమె ఎన్నడూ తడ వైపు పోనివ్వలేదు. కానీ వాడికి ఏడో ఏడు రాగానే, అమ్మ వద్దని ఎంత మొత్తుకున్నా వినకుండా, ఆదివారం చర్చి కాగానే ఊరి బయట కాలువకు తీసుకుపోయేది. నాన్న స్నేహితుడొకాయన నీళ్లలోకి దిగి వాడికి ఈత నేర్పేవాడు. అక్కకు ఈత రాదు. గట్టు మీద నిలబడి, వాడి తల నీళ్లలో మునిగినప్పుడల్లా తానూ ఊపిరి బిగపట్టేది. ఇక చాలు ఎక్కి రమ్మని వాడి స్నేహితులను వాళ్ల తల్లులు పిలుచుకునేవాళ్లు. అక్క మాత్రం, "ఇంకోసారి, అవతలి గట్టుదాకా పో" అనేది.